బెంగళూరు నుంచి వెళ్లి యాక్టివ్ వాల్కనో ఎక్కాలంటే ముందు ఇవి చూస్కోండి

బెంగళూరు నుంచి బాలికి డైరెక్ట్ ఫ్లైట్ వచ్చిన దగ్గర్నుంచి మన టెకీ బ్యాచుల్లో ఎవరో ఒకరు అక్కడి బాటూర్ అగ్నిపర్వతం మీంచి సన్‌రైజ్ ఫోటో పెడుతూనే ఉన్నారు. మన దేశంలో యాక్టివ్‌గా ఉన్నది అండమాన్ దగ్గర బ్యారెన్ ఐలాండ్ ఒక్కటే, దాన్ని పడవలోంచి చూడ్డమే, దిగనివ్వరు, అందుకే అందరూ ఇండోనేషియా పోతున్నారు.

బాటూర్ 1,717 మీటర్లు, నంది హిల్స్ 1,478, కాబట్టి ఎత్తు గురించి టెన్షన్ వద్దు. టికెట్ బుక్ చేసే ముందు ఆ కొండ ఇప్పుడు ఏ ప్రమాద హెచ్చరిక లెవెల్లో ఉందో చూడండి. ఇండోనేషియాలో నాలుగు లెవెల్స్ ఉంటాయి, 1 అంటే నార్మల్, 4 అంటే ఊళ్లు ఖాళీ చేయించే పరిస్థితి. అక్కడి ప్రభుత్వం అగ్నిపర్వతాల కోసం నడిపే మాగ్మా ఇండోనేషియా సైట్లో క్రేటర్‌కి (కొండ నోటికి) ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉండాలో కూడా రాస్తారు. 2 ఉన్నా నేనైతే వెళ్లను, గైడ్ ఏం కాదు సార్ అన్నా సరే. సుమత్రాలో మరాపి 2023 డిసెంబర్‌లో పేలినప్పుడు లెవెల్ 2లోనే ఉంది, 3 కిలోమీటర్ల లోపలికి వెళ్లొద్దని చెప్పారు కూడా, అయినా పైన జనం ఉన్నారు, 24 మంది పోయారు.

పోనీ లెవెల్ 1 అయితే సేఫా అంటే అదీ గ్యారంటీ లేదు. జపాన్‌లో ఒంటాకే 2014 సెప్టెంబర్ 27న, శనివారం మధ్యాహ్నానికి కాస్త ముందు, లెవెల్ 1లో ఉండగానే పేలింది, చనిపోయినవాళ్లు, దొరకనివాళ్లు కలిపి 63 మంది. ఇలాంటప్పుడు కొండ లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, విజిల్ రాని కుక్కర్‌లా పేలిపోతాయి, లావా పైకి రావక్కర్లేదు, అందుకే మెషీన్లకి కూడా ముందే సరిగ్గా అందదు. కాబట్టి క్రేటర్ అంచున కూర్చుని రీల్స్, డ్రోన్ షాట్లు, మ్యాగీ పార్టీ పెట్టకండి, చూశారా, రెండు ఫోటోలు తీసుకున్నారా, దిగిపోండి. హెల్మెట్ పెట్టుకోండి, ఎవరైనా నవ్వితే నవ్వనీండి. పేలిందంటే వీడియో తీయకుండా షెల్టర్‌లోకో పెద్ద రాయి వెనక్కో దూరి బ్యాగు తలమీద పెట్టుకోవాలి, దిగేటప్పుడు వాగులు, లోయల దారి పట్టకూడదు, బూడిద, బురద అన్నీ అటే పారతాయి.

జావాలోని ఇజెన్ అగ్నిపర్వతానికి వెళ్లేవాళ్లకి గ్యాస్ గొడవ. సల్ఫర్ డయాక్సైడ్ గాలికంటే బరువు, పల్లంలో చేరుతుంది, కాల్చిన అగ్గిపుల్ల వాసన ఘాటుగా కొట్టి గొంతు మండితే వెంటనే గాలి వచ్చే వైపుకి, ఎత్తుకి జరగండి. ఎన్95 బూడిదకి పనికొస్తుంది గానీ గ్యాస్‌ని ఆపదు, గ్యాస్‌ని వడకట్టే కార్ట్రిడ్జ్ మాస్క్ అక్కడ అద్దెకిస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లు మానేయండి. కాంటాక్ట్ లెన్స్ వద్దు, బూడిద గాజుపొడి లాంటిదే.

ప్రాక్టీస్‌కి బెంగళూరు దగ్గరి స్కందగిరి చాలు, సావనదుర్గ అయినా ఓకే, కానీ ఇక్కడ గట్టి బండమీద కాలు పట్టు దొరుకుతుంది, అక్కడ నల్ల ఇసుక, గులకరాళ్లు, అడుగేస్తే సగం కిందికి జారుతుంది, లాంబాక్ దీవిలోని రింజాని అగ్నిపర్వతం పైభాగం మరీ దారుణం. షూస్‌లోకి రాళ్లు రాకుండా గెయిటర్స్, చేతిలో స్టిక్స్, హెడ్‌ల్యాంప్, ఒక జాకెట్. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ట్రెక్కింగ్ కవర్ అవుతుందా, ఎన్ని మీటర్ల వరకూ అన్నది చదివి తీసుకోండి, రింజాని 3,726 మీటర్లు మరి.