గుర్రానికి కండరాలు పట్టేస్తే నడిపించకండి

జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. మొయినాబాద్ దగ్గర మా గుర్రాల షెడ్డు ముందున్న మైదానం బురద గుంట అయింది. రైడింగ్ క్లాసులన్నీ రద్దు చేశాను. ఏడు గుర్రాలూ లోపలే నిలబడి ఉన్నాయి. దాణా మాత్రం ఎప్పటిలాగే పడుతోంది: ఉడికించిన ఉలవలు, బార్లీ, పైన ఒక బెల్లం ముక్క. పనిలేదు కదా, తగ్గిద్దామన్న ఆలోచన నాకు రాలేదు. అయిదో రోజు ఎండ కాసింది. ఉదయం ఆరున్నరకు బిజిలీ మీద జీను వేసి పంపించాను.

బిజిలీ రేసుల నుంచి బయటికొచ్చిన థరోబ్రెడ్ ఆడగుర్రం, తొమ్మిదేళ్లది. కాగితం ఎగిరినా బెదురుతుంది. పావుగంట ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్య వేగం) చేసిందో లేదో, వెనక కాళ్ల అడుగు చిన్నదైపోయింది. చల్లటి పొద్దున మెడ మీద, తొడల మధ్య చెమట నురగ కట్టింది. ఆగిపోయి ముందు కాలితో నేలను గీరుతోంది, వెనక్కి తిరిగి పొట్ట వైపు చూస్తోంది. కడుపునొప్పి అనుకున్నాను. కడుపునొప్పికి నడిపించాలని చిన్నప్పటి నుంచీ విన్నదాన్నే కాబట్టి, కళ్లెం పట్టుకుని రెండు రౌండ్లు తిప్పించాను. ఆ రెండు రౌండ్లే నా పెద్ద తప్పు.

మా చాచా ముప్పై ఏళ్లు మలక్‌పేట రేస్‌కోర్సులో సైసుగా, అంటే గుర్రాల్ని చూసుకునేవాడిగా, చేసినవాడు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి వచ్చి, తోక పక్కన పిరుదు మీద అరచేయి ఆనించాడు. "బేటీ, పేట్ కాదిది. చెయ్యి పెట్టి చూడు, చెక్క లెక్క ఉంది" అన్నాడు. పెట్టి చూశాను. మామూలుగా ఒత్తితే లోపలికి పోయే కండ బల్ల చెక్కలా ఉంది. అయిదు నిమిషాల్లో మూత్రం పోసింది. పాలు కలపని ఇరానీ చాయ్ డికాక్షన్ రంగు.

దీన్ని ఇంగ్లీషులో టైయింగ్ అప్ అంటారు. పని చేయించినప్పుడు కండరాల కణాలు దెబ్బతిని, గట్టిగా బిగుసుకుపోవడం. ఆ కణాలు చితికి వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. అదే ఆ ముదురు రంగు. ఎక్కువైతే కిడ్నీలను పాడు చేస్తుంది. ఆదివారం సెలవిచ్చి నిండుగా మేపి, సోమవారం బండికి కట్టగానే పడిపోయే గుర్రాలను చూసి పూర్వం దీన్ని సోమవారం జబ్బనేవారు. లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం వల్ల వస్తుందని చెప్పే పాత మాట ఇప్పుడు నిలవడం లేదు.

గుర్తుపట్టడం దగ్గరే చాలామంది తప్పుతారు, నేను తప్పినట్టే. కడుపునొప్పి గుర్రం సాధారణంగా పడుకోవాలని, పొర్లాలని చూస్తుంది. టైయింగ్ అప్ గుర్రం కదలడానికే భయపడుతుంది. పైగా పని మొదలెట్టిన కాసేపటికే ఇది మొదలవుతుంది. ఊపిరి వేగం, చెమట, వణుకు రెండింటిలోనూ ఉంటాయి కాబట్టి అవి చూసి తేల్చకండి. పిరుదు రెండు వైపులా చెయ్యి పెట్టండి. అయితే కండ గట్టిగా లేనంత మాత్రాన జబ్బు లేదనీ అనుకోకూడదు, కొన్నిటికి అంతగా బిగుసుకోదు. మూత్రం రంగు పడుతున్నప్పుడే చూడాలి. గడ్డి మీద పడి కాసేపు నిలిచిన మామూలు మూత్రం కూడా ఎరుపు తిరుగుతుంది. ఆ మరక చూసి అర్ధరాత్రి డాక్టర్‌ను లేపినవాళ్లు నాకు తెలుసు.

డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట "నిలబెట్టెయ్" అన్నారు. మీరూ అదే చేయండి. రౌతు దిగాలి, జీను విప్పాలి. పక్కనే నీడ ఉంటే అక్కడికి, లేకపోతే ఉన్నచోటే. షెడ్డు రెండు వందల అడుగుల దూరంలో ఉన్నా బలవంతంగా లాక్కెళ్లకండి. గొడుగు తెచ్చి పట్టండి, నవ్వేవాళ్లు నవ్వనీ. ప్రతి అడుగూ కండను ఇంకాస్త చీలుస్తుంది. బండి ఎక్కించి ఆసుపత్రికి తోలడం కూడా డాక్టర్ చెప్తేనే. చలిగా ఉంటే నడుం మీద దుప్పటి కప్పండి. మే నెల ఎండలో ఒళ్లు కాలిపోతుంటే మెడ మీద, రొమ్ము మీద నీళ్లు పోసి గాలి తగలనివ్వండి. బకెట్టు నీళ్లు ముందు పెట్టండి, తాగినంత తాగనీయండి. ముందున్న దాణా తీసేయండి, ఎండు గడ్డి మాత్రం ఉంచొచ్చు.

డాక్టర్ వచ్చేలోపు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టి రాసుకోండి. విశ్రాంతిలో పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. బిజిలీది 72 ఉంది. మూత్రం పోస్తే కడిగిన సీసాలో కొంచెం పట్టండి. ఇక షెడ్డులో ఉన్న నొప్పి ఇంజెక్షన్ మీ అంతట మీరు పొడవకండి. బ్యూట్, ఫ్లునిక్సిన్ లాంటివి ఒంట్లో నీరు తగ్గిన గుర్రానికి ఇస్తే, అసలే ఇబ్బందిలో ఉన్న కిడ్నీల మీద ఇంకో దెబ్బ పడుతుంది. మూత్రం బాగా రావాలని లాసిక్స్ ఇచ్చే అలవాటు కొందరికి ఉంది, అది మరీ ప్రమాదం. నరం ద్వారా ఎక్కించే సెలైన్, నొప్పి మందు, కుదురుగా నిలబెట్టే మందు, వీటిలో ఏది ముందో డాక్టర్ తేల్చాలి. బిజిలీకి ఆ రోజు సాయంత్రం దాకా బాటిళ్లు ఎక్కుతూనే ఉన్నాయి.

రక్తపరీక్షలో సీకే, ఏఎస్‌టీ అని రెండు ఎంజైములు చూస్తారు. సీకే కండ దెబ్బతిన్న నాలుగు నుంచి ఆరు గంటల్లో పైకెళ్లి, దెబ్బ ఆగితే త్వరగా దిగుతుంది. ఏఎస్‌టీ మెల్లగా పెరిగి, వారాల తరబడి ఉంటుంది. సీకే మామూలుగా కొన్ని వందల్లో ఉంటుంది, బిజిలీది 38,000 దాటింది. నడవగలుగుతోంది కదా అని మూడో రోజే జీను వేసేవాళ్లకు ఈ అంకెలు చూపించాలి. మేం బిగువు తగ్గాక చిన్న ఆవరణలో దాన్ని వదిలేశాం, తనకు నచ్చినట్టు తిరిగింది. సీకే మామూలు స్థాయికి వచ్చాకే లాంజ్ తాడు (గుర్రాన్ని గుండ్రంగా తిప్పే పొడవాటి తాడు) పట్టుకున్నాం.

మళ్లీ రాకుండా చూసుకోవడమే అసలు పని. అందులో సగం దాణా తొట్టి దగ్గరే ఉంది. పని లేని రోజు దాణా సగానికి, వీలైతే అంతకంటే తక్కువకు దించండి. ఆ దించడం సెలవు రోజు పొద్దున కాదు, ముందు రోజు సాయంత్రం మేతతోనే మొదలవ్వాలి. గడ్డి తగ్గించకండి. 450 కిలోల గుర్రానికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండు మేత పడాలి. ఉలవలు గుర్రానికి బలమని మనందరికీ నాటుకుపోయింది, నిజమే, పని చేసే గుర్రానికి. బార్లీ, మొక్కజొన్న, బెల్లం పిండిపదార్థం, చక్కెర కింద లెక్క. పట్టేసే గుణమున్న గుర్రానికి ఇవి తగ్గించి, ఆ శక్తిని నూనె రూపంలో ఇవ్వడం మేలు. మేం రైస్ బ్రాన్ నూనె వాడతాం. మొదట రోజుకు 50 మిల్లీలీటర్లు, మూడు వారాల్లో మెల్లగా పెంచి 250 దాకా. ఒక్కసారే పోస్తే విరేచనాలవుతాయి. నూనె పెంచితే విటమిన్-ఇ కూడా కావాలి, మోతాదు డాక్టర్‌ను అడగండి. సెలీనియం జోలికి మాత్రం అడగకుండా పోవద్దు. మంచికీ విషానికీ మధ్య సందు చాలా సన్నం, రెండు రకాల సప్లిమెంట్ డబ్బాల నుంచి తెలియకుండానే రెండుసార్లు పడిపోతుంది. రైస్‌మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడు వారంలోనే ముక్క వాసన వస్తుంది, అది పెట్టకండి.

ఒక మాట పక్కన: చవకగా వస్తుందని పశువుల దాణా, కోళ్ల దాణా బస్తాలు తెచ్చి గుర్రాలకు పోయకండి. కొన్నింట్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కొంచెం పడినా గుర్రం గుండె కండరం దెబ్బతింటుంది.

ఉప్పు రోజుకు 30 నుంచి 50 గ్రాములు దాణాలో కలపండి, ఎండాకాలం చెమట ఎక్కువ పట్టినప్పుడు డాక్టర్‌ను అడిగి ఎలక్ట్రోలైట్లు. పని విషయానికొస్తే, రోజూ కదలిక ఉండాలి. వాన పడినా అరగంట చేత్తో పట్టుకుని నడిపించొచ్చు, నేను ఆ నాలుగు రోజుల్లో అదే చేయలేదు. జీను వేశాక మొదటి పదిహేను నిమిషాలు నడకే. చివర కూడా అంతే. బెదురు గుర్రాలకు, అందులోనూ ఆడ థరోబ్రెడ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. వాటికి గొడవ లేని మూల గది, తెలిసిన పక్క గుర్రం, దాణా అందరికంటే ముందు. బిజిలీ ఇతర బకెట్ల చప్పుడు విని గోడ తన్నేది, ఇప్పుడు మొదటి బకెట్టు దానిదే.

"మొండికేస్తోంది" అని కొట్టే ముందు కూడా ఆలోచించండి. కాంటర్‌లోకి (ట్రాట్ కంటే వేగమైన పరుగులోకి) వెళ్లదు, వెనక భాగం బిగబట్టుకుంటుంది, ఊరికే చెమట పడుతుంది. ఇలాంటి గుర్రాల్లో కొన్నిటికి లోలోపల చిన్నగా పట్టేస్తూ ఉంటుంది. పని చేయించిన నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత సీకే పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

పాతబస్తీలో పెళ్లి గుర్రాలు పెట్టుకున్నవాళ్లతో చాచా ఎప్పుడూ గొడవ పడతాడు. ఆషాఢమంతా పెళ్లిళ్లుండవు, గుర్రం కట్టుగొయ్య దగ్గరే. శ్రావణం రాగానే ముహూర్తం రాత్రి డీజే, టపాకాయలు, రోడ్డు మీద మూడు గంటల బారాత్. నెల రోజులు దాణా తగ్గించి, రోజూ ఫజర్ నమాజ్ అయ్యాక గంట నడిపించమంటాడు. మొదటి బారాత్‌కు ముందు పది రోజులు ఆ నడకలోనే కొంచెం ట్రాట్ కలపమంటాడు. వినేవాళ్లు కొద్దిమందే. ముందే అడ్వాన్స్ తీసుకున్నాం, గుర్రం మెరుస్తూ కనపడాలి కదా అంటారు.

మా షెడ్డు గోడ మీద ఇప్పుడు ఒక నల్లబల్ల ఉంది. ప్రతి గుర్రం పేరు, నిన్న చేసిన పని, ఈరోజు దాణా. పని గడిలో సున్నా ఉంటే దాణా గడిలో సగం గీత. వాన మొదలైతే ఆ గీత మా కుర్రాడే గీసేస్తాడు, నన్ను అడగడు.