సర్వర్ నిజంగా ఆగిందో లేదో బ్రౌజర్‌లో చూసి తెలుసుకోవడం ఎలా?

"సర్వర్ డౌన్" అన్న మాట వినగానే మనం వెనుదిరుగుతాం. నిజంగా సర్వరే ఆగిందా, లేక మన అభ్యర్థన అక్కడిదాకా చేరనే లేదా అన్నది తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అడిగేది క్లయింట్, బదులిచ్చేది సర్వర్. ఇవి రెండు రకాల యంత్రాలు కావు, పాత్రలు మాత్రమే. 1990లో సెర్న్ పరిశోధనాలయంలో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ నడిపిన తొలి వెబ్ సర్వర్ కూడా బల్ల మీద పెట్టుకునే నెక్స్ట్ కంపెనీ కంప్యూటరే. మామూలు కంప్యూటర్ అనుకుని ఎవరైనా ఆపేయకుండా, "ఈ యంత్రం సర్వర్, దీన్ని ఆపవద్దు" అని ఎర్ర సిరాతో రాసిన చీటీని దానికి అతికించారు.

మొదట కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌ను ఎంచుకోండి. తర్వాత తెలుగు వికీపీడియాలో ఏదైనా వ్యాసాన్ని తెరవండి. అప్పుడు కనిపించే వరుసల్లో ప్రతిదీ ఒక అభ్యర్థన; వ్యాసానికి ఒకటి, ఒక్కో బొమ్మకు ఒక్కొక్కటి. మొదటి వరుస మీద నొక్కి హెడర్స్ (ఆ అభ్యర్థన వివరాలు) చూస్తే, అడిగిన తీరు "గెట్" (ఇవ్వమని అడగడం) అనీ, బదులిచ్చిన సర్వర్ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో దాని సంఖ్యా చిరునామా) చివర పోర్టు 443 (సురక్షిత వెబ్ పేజీలకు వాడే ద్వారం సంఖ్య) అనీ, స్థితి సంఖ్య 200 అనీ ఉంటుంది. 200 అంటే అడిగినది అందింది. 304 కనిపిస్తే, మీ బ్రౌజర్ ఇంతకుముందే దాచుకున్న కాపీ ఇంకా మారలేదని సర్వర్ చెప్పినట్టు.

ఇప్పుడు బ్రౌజర్ పైభాగంలోని వ్యాసం చిరునామా చివర అర్థంలేని నాలుగు అక్షరాలు చేర్చి ఎంటర్ నొక్కండి. 404 వస్తుంది. సర్వర్ చక్కగా పనిచేస్తోంది, మీరడిగిన పేజీయే లేదు. ఆ తర్వాత వైఫై ఆపి మళ్లీ ప్రయత్నిస్తే సంఖ్యే రాదు, "ఫెయిల్డ్" అని మాత్రం కనిపిస్తుంది. అభ్యర్థన మీ ఇల్లు దాటలేదన్నమాట.

పరీక్ష ఫలితాల రోజున కనిపించే 503, 504 వేరు. మొదటిది సర్వర్ ప్రస్తుతం సేవ అందించలేకపోతోందనీ, రెండోది ముందున్న సర్వర్‌కు వెనకున్న సర్వర్ నుంచి సకాలంలో జవాబు రాలేదనీ చెబుతాయి. అప్పుడు రీలోడ్ పదేపదే నొక్కితే ప్రతి నొక్కూ కొత్త అభ్యర్థనై భారం పెంచుతుంది కాబట్టి, కాసేపు ఆగడమే మేలు.

ఫీజు కట్టేటప్పుడు మాత్రం మరింత జాగ్రత్త అవసరం. "పోస్ట్" (సర్వర్‌కు సమాచారం పంపే) పద్ధతిలో వెళ్లిన అభ్యర్థన సర్వర్‌కు చేరి, డబ్బు తీసుకున్నాక, బదులు ఒక్కటే దారిలో తప్పిపోవచ్చు. అందుకే తెర మీద లోపం కనిపించినా, బ్యాంకు ఖాతా చూసుకున్నాకే మళ్లీ చెల్లించండి.