కోరింగ మడ అడవిలో నడక: పోటు, పాటు చూసుకుని బయలుదేరండి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట, కోరింగ వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉండగా, సందర్శకులు నడవగలిగేది మాత్రం మడ చెట్ల మధ్యగా వేసిన చెక్కల బాట మీదనే. చాలామంది ఆ బాటను ఒక చివరి నుంచి మరో చివరికి చకచకా నడిచేసి, ఫొటోలు దిగి, అడవిలో ఏమీ కనిపించలేదని చెబుతూ తిరిగివస్తారు. నిజానికి ఇక్కడ చూడవలసినదంతా పాదాల కింద, బురదలో ఉంటుంది. ఆ బురద పోటు వేళ, అంటే సముద్రపు నీరు పెరిగినప్పుడు, నీట మునిగి, నీరు తగ్గే పాటు వేళ మాత్రమే బయటపడుతుంది.

కాబట్టి ముందుగా కాకినాడ తీరంలో ఆ రోజు పోటుపాటుల సమయాలు తెలుసుకోవాలి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఇవాళ్టి సమయం కన్నా రేపటిది దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సముద్రతీరం కన్నా లోపలి కాలువల్లో నీరు ఆలస్యంగా తగ్గుతుంది గనుక ఆ మేరకు తీరికగా బయలుదేరవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా లాగి ఎక్కువ బురద తేలుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా అంతగా ఉండదు. అయితే పుష్య మాసంలో వచ్చే చొల్లంగి అమావాస్యకు ఇదే దారిలో సముద్ర స్నానాలకు జనం తరలివస్తారు గనుక, నిశ్శబ్దం కోరుకునేవారు ఆ ఒక్క రోజును వదులుకోవడం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ తక్కువగా ఉంటుంది, వలస పక్షులు కూడా ఉంటాయి.

బాట మీదకు వచ్చాక కొంత దూరం నడిచి, ఒకచోట కదలకుండా ఐదు నిమిషాలు నిలబడాలి. అడుగుల అదురుకు బొరియల్లోకి దూరిన పీతలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. వాటిలో ఒక డెక్క మాత్రమే ఒంటికి మించిన పరిమాణంలో ఉన్నది మగ పీత; అది ఆ డెక్కను పైకెత్తి దించుతూ, ఆడ పీతలను పిలుస్తూ, పక్క మగవాటిని హెచ్చరిస్తూ ఉంటుంది. కాస్త పక్కగా, తల మీద ఉబికిన కళ్లతో, రొమ్ము రెక్కల మీద పాకుతూ బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు అవి చర్మం ద్వారా కూడా గాలి పీల్చగలవు.

చెట్లను వేళ్లను బట్టి గుర్తుపట్టడం తేలిక. బురదలోంచి నిలువుగా పైకి పొడుచుకువచ్చిన వేళ్లు తెల్ల మడవి. గాలి అందని ఆ మట్టిలో చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. దాని ఆకు మీద వేలితో రాస్తే ఉప్పు తగులుతుంది. ఉప్పు పొన్న కాండం నుంచి వంపు తిరిగిన ఊత వేళ్లు దిగుతాయి. దాని గింజ చెట్టున ఉండగానే మొలకెత్తి, చిన్న మునగకాడలా వేలాడుతుంది. తిల్ల చెట్టును మాత్రం తాకకూడదు, ఎందుకంటే దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఈ కారణం ఒక్కటి చాలు, బాట దిగకుండా ఉండడానికి. పైగా దిగితే కాలు కూరుకుపోతుంది, ఊపిరి వేళ్లు విరుగుతాయి.

ఈ అడవికి పేరు తెచ్చిన, చేపలు పట్టి తినే అడవి పిల్లి అయిన బావురు పిల్లి రాత్రి వేటాడే జంతువు గనుక పగటిపూట అది కనబడుతుందని ఆశించవద్దు. కాలువ గట్టున తడి బురదలో జాడలు వెతకండి: నాలుగు వేళ్ల ముద్ర పిల్లిజాతిదో నక్కదో కావచ్చు, ఐదు వేళ్లది నీటికుక్కది కావచ్చు.

నిండు చేతుల చొక్కా, జారని చెప్పులు తప్పనిసరి. దోమల మందు లోపలికి వెళ్లకముందే రాసుకోవాలి. వాన పడ్డాక చెక్కలు పాకుడు పట్టి జారతాయి. కోతుల కారణంగా చేతిలో తినుబండారాలు పట్టుకుని నడవకూడదు. బోటు షికారు కూడా చేయాలనుకుంటే నడక ముగిశాకే టికెట్టు తీసుకోవడం ఉత్తమం, ఎందుకంటే అప్పటికి పోటు మొదలై, బోటు తిరగడానికి చాలినంత నీరు కాలువలోకి చేరుతుంది.