రక్త పరీక్షకు మళ్లీ ఎప్పుడు రావాలి?

దేవరకొండ దగ్గరి ఒక సర్కారు దవాఖానలో పన్నెండేళ్లుగా రక్తం తీస్తున్నాను. "మళ్ల ఎప్పుడు రావాలె బిడ్డా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అందరికీ ఒకే గడువు చెప్పలేను. ఉన్న జబ్బును బట్టి, మింగే మందును బట్టి అది మారుతుంది.

పరగడుపు షుగర్ ఆ పొద్దుటి సంగతే చెబుతుంది. హెచ్‌బీఏ1సీ అనే ఇంకో షుగర్ పరీక్ష దాదాపు మూడు నెలల సంగతి చెబుతుంది. ఎర్ర రక్తకణం 120 రోజుల దాకా బతుకుతుంది, అన్నాళ్లూ షుగర్ దానికి అంటుకుంటూ పోతుంది. అందుకే నెల తిరగకముందే మళ్లీ చేయిస్తే పైసలు దండగ. షుగర్ అదుపులో లేకున్నా, మందు మార్చినా 3 నెలలకోసారి చేయించండి. నిలకడగా ఉంటే 6 నెలలకోసారి చాలు. జబ్బేమీ లేనివాళ్లు 30 దాటాక ఒకసారి షుగర్ చూపించుకుని, బాగుంటే మళ్లీ మూడేళ్లకు రండి. బార్డర్‌లో ఉంటే ఏటా రావాలి.

థైరాయిడ్ గోలీ డోసు మారిస్తే 6 నుంచి 8 వారాలకు, కుదురుకున్నాక ఏడాదికోసారి.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు కిడ్నీలు ఎట్లున్నాయో తెలిపే రెండు పరీక్షలు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, ఏటా చూపించుకోవాలి. మా దిక్కు ఇది మరీ ముఖ్యం. మర్రిగూడ, నాంపల్లి ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దలకు నడుము, కీళ్లు పట్టేస్తాయి. మెడికల్ షాపులో నొప్పి గోలీ అడిగి తెచ్చుకుని రోజూ మింగుతారు. ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు, పైకి ఏమీ తెలియదు. మా బాపు అట్లనే మింగాడు. ఊరందరి రక్తం తీసిన నేను ఆయన క్రియాటినిన్ నాలుగేళ్లు చూడలేదు. చూసిన రోజు 2.1 వచ్చింది, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. గోలీలు మాన్పించాం. ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు 3 నెలలకోసారి తీస్తున్నాను.

పరగడుపు అంటే 8 గంటలు ఏమీ తినకుండా ఉండటం. మంచినీళ్లు తాగొచ్చు. చాయ్ వద్దు, తోటలో పిండిన బత్తాయి రసం కూడా వద్దు. షుగర్‌కు రక్తం బూడిద రంగు మూత ట్యూబులో తీస్తాం. అందులోని ఫ్లోరైడ్ రక్తకణాలు షుగర్‌ను తినేయకుండా ఆపుతుంది. మామూలు ట్యూబులో తీసి ఆలస్యం చేస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇంటికొచ్చి తీసుకుపోయేవాళ్లను ఏ ట్యూబో అడగండి.

మా దగ్గర ఇచ్చిన రక్తం నల్లగొండలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పోతుంది, పైసలు కట్టే పని లేదు. వచ్చేటప్పుడు పాత రిపోర్టు తప్పకుండా తెండి. పోయినేడు 0.8 ఉన్న క్రియాటినిన్ ఈసారి 1.2 అయితే, మగవాళ్లకు కాగితం మీద రెండూ నార్మలే. పక్కపక్కన పెడితేనే పెరిగిన సంగతి డాక్టరుకు కనిపిస్తుంది. కవరు మీద మళ్లీ రావాల్సిన తేదీ రాయించుకోండి. చదువు రానివాళ్లకు నేను తేదీ కాకుండా పండుగ చెబుతాను, బతుకమ్మకు ముందు వారం అని.