గీజరు సరిగా పనిచేయట్లేదా? కాయిల్ మార్చే ముందు లెక్క కట్టండి

విశాఖలో జాలరిపేట, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు, అంటే ఉప్పుగాలి తగిలే ఇళ్లలో, గీజరు మొరాయిస్తే తప్పు లోపల నీళ్లు కాచే కాయిల్‌దేనని ముందే తేల్చేయకండి. వోల్టేజ్, కరెంట్ రెండూ కొలిస్తే దోషం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవర్. కరెంట్ ఉన్న తీగల దగ్గర కొలత మాత్రం ఎలక్ట్రిషియన్ చేతే తీయించండి.

సమస్య: నీళ్లు కాగడానికి చాలాసేపు పడుతోంది

230 వోల్టులకు 2000 వాట్లని రాసి ఉన్న గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకోవాలి. అంటే కాయిల్ నిరోధం 26.5 ఓంలు. ఇప్పుడు గీజరు నడుస్తుండగా కొలిస్తే 200 వోల్టులు, 7.6 ఆంపియర్లు వచ్చాయనుకోండి. 200ని 7.6తో భాగిస్తే 26.3. కాయిల్ బాగానే ఉంది, వోల్టేజే తక్కువ. పవర్ 1520 వాట్లకు పడిపోయింది. 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగడానికి 18 నిమిషాలు పట్టాల్సింది 24 పడుతుంది.

పరిష్కారం: గీజరు ఆపి మళ్లీ వోల్టేజ్ చూడండి. అప్పుడూ తక్కువే ఉంటే లోపం లైన్‌లో ఉంది, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. ఆపగానే 228కి ఎగబాకితే దారిలో ఎక్కడో సన్న వైరో, లూజు జాయింటో ఉంది. మీటరు దగ్గరా, సాకెట్ దగ్గరా విడివిడిగా కొలిస్తే అది ఇంట్లోదో బయటిదో తేలుతుంది. వోల్టేజ్ 230 ఉండి కరెంట్ బాగా తగ్గితే అప్పుడు కాయిల్‌ని అనుమానించండి.

సమస్య: ప్లగ్ చేయి పెట్టలేనంతగా వేడెక్కుతోంది

దీన్ని నిర్లక్ష్యం చేయకండి. ఇత్తడి పిన్ను మీద పచ్చటి చిలుము, సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే సంగతి అర్థమైనట్టే. చిలుము వల్ల అక్కడ అర ఓం నిరోధం చేరిందనుకుందాం. వినడానికి ఎంతో కాదు. కానీ దాని గుండా 8.5 ఆంపియర్లు పోతున్నాయి. కరెంట్‌ని కరెంట్‌తోనే గుణించి, నిరోధంతో మళ్లీ గుణిస్తే 36 వాట్లు. టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్‌ని సాకెట్‌లో గుచ్చి వదిలేసినట్టే! ఇక ప్లాస్టిక్ కరగకుండా ఉంటుందా? గీజరు మాత్రం నీళ్లు కాస్తూనే ఉంటుంది, ఎంసీబీ (కరెంట్ మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్) పడదు. ఎందుకంటే కరెంట్ పెరగలేదు, కాస్త తగ్గింది కూడా.

పరిష్కారం: మెయిన్ ఆపి ప్లగ్, సాకెట్ రెండూ మార్పించండి. గీకి శుభ్రం చేసి సరిపెట్టుకోవద్దు, స్ప్రింగు పట్టు పోయిన సాకెట్ మళ్లీ కాలుతుంది. 16 ఆంపియర్లదే వేయించండి. వైరు చివర కమిలితే ఆ ముక్క కోసేసి కొత్త రాగి మీద స్క్రూ బిగించాలి.

సమస్య: గీజరు నడుస్తున్నా క్లాంప్ మీటర్ సున్నా చూపిస్తోంది

క్లాంప్ మీటర్ అంటే వైరు చుట్టూ పట్టి కరెంట్ కొలిచేది. అది పాడవలేదు. ప్లగ్ వైరు మొత్తాన్ని పట్టారు, ఫేజ్‌లో వెళ్లే కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చేది ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఫేజ్ ఒక్కదాన్నే పట్టాలి.

సమస్య: నీళ్ల మోటారుకు ఈ లెక్క కుదరట్లేదు

కుదరదు. వైండింగ్ (మోటారు లోపల చుట్టిన తీగ) నిరోధాన్ని ఆపి ఉన్నప్పుడు కొలిచి, 230ని దానితో భాగిస్తే నడిచేటప్పటి కరెంట్ కంటే చాలా ఎక్కువ వస్తుంది. వోల్టేజ్‌ని కరెంట్‌తో గుణించినా వాట్లు రావు, పవర్ ఫ్యాక్టర్‌తో (ఆ లబ్ధంలో నిజంగా పవర్‌గా మారే వంతు) కూడా గుణించాలి. మోటారుకైతే నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్లతో క్లాంప్ మీటర్ రీడింగ్ పోల్చి చూసుకోవడమే తేలిక.