సెమినార్‌లో నోరు విప్పండి: ఫిల్మ్ స్టడీస్‌కి ఇంగ్లండ్ వచ్చే మన పిల్లలకి

మొన్న బొబ్బిలి నుంచి ఎంఏ ఫిల్మ్ స్టడీస్‌కి వచ్చిన తమ్ముడొకడు మా ఇంటికొచ్చి, ఇక చదవలేను, వెళ్లిపోతానన్నాడు. సెమినార్‌లో ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదట. మొదటి వ్యాసానికి 54 మార్కులు.

రూము, సిమ్ము, బ్యాంకు సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను సెమినార్ గురించే చెబుతాను. పదిహేనుమంది కూర్చుని ఆ వారం చూసిన సినిమా గురించి మాట్లాడుకునే క్లాసు అది. సార్ అడిగితే చెబుదామని కూర్చుంటే ఎవరూ అడగరు. విజయనగరం నుంచి వచ్చిన కొత్తలో రెండు నెలలు నేనూ అలాగే కూర్చున్నాను. యూరప్ సినిమాలు చూడనివాడిని, నాకేం తెలుసని సిగ్గు. మొదటి వ్యాసం ఫ్రెంచ్ న్యూవేవ్ అనే సినిమా ఉద్యమం మీద, పుస్తకాల్లోంచి ఏరిన మాటలతో నింపాను. "ఇందులో మీరెక్కడ?" అని టీచరు పక్కన రాశారు.

నీకేం తెలియదంటావు? పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి సినిమా వేసింది 1895 డిసెంబర్ 28న. 1896 జూలై 7కే అది బొంబాయి చేరింది. అంటే పుట్టిన ఏడాదిలోపే సినిమా ప్రపంచ వ్యాపారమైంది, అందులో మనమూ ఉన్నాం. అయినా ఇక్కడ చాలామందికి ఇండియన్ సినిమా అంటే హిందీయే. 'నాటు నాటు'కి 2023లో ఆస్కార్ వచ్చాక కూడా. నువ్వు నోరు మూసుకుంటే ఇంకెవరు చెబుతారు?

మన పాటల్లో తెర మీద ఒకరు, గొంతు మరొకరిది. ఇక్కడివాళ్లకి అది వింత. ఘంటసాల మా విజయనగరం సంగీత కళాశాలలో చదివారు, సుశీల ఆ ఊళ్లోనే పుట్టారు. రామారావు పాటకీ నాగేశ్వరరావు పాటకీ ఘంటసాలదే గొంతు అయితే మన జనం ఎలా నమ్మారు? ఇదే వ్యాసానికి చాలినంత ప్రశ్న. బెనిఫిట్ షోలో చింపి ఎగరేసిన కాగితాలు కూడా ఇక్కడ చదువే. కానీ అభిమానం ఒక్కటే రాస్తే మార్కులు రావు. నేలకి ఎవరు, బాల్కనీకి ఎవరు, ఆడవాళ్లు ఎటు కూర్చున్నారు, ఈల ఎక్కడ పడింది, చూసింది చూసినట్టు రాయి. థియరీ ఆ తర్వాత.

ముందురోజు రాత్రే రెండు వాక్యాలు కాగితం మీద రాసుకో. మొదటి పది నిమిషాల్లో ఒకటి చదివెయ్యి. ఆలస్యమైతే గొంతు పెగలదు. యాస గురించి టెన్షన్ వద్దు.

సరే, ఆ మార్కుల సంగతి. ఇక్కడ మాస్టర్స్‌లో మామూలుగా 50కి పాసు, 70 వస్తే డిస్టింక్షన్. మన డిగ్రీ లెక్కలో చూసుకుని ఏడవకు. నాకు మొదట వచ్చింది 51. తమ్ముడికి అన్నం పెట్టి ఆ కాగితం చూపించాను. బుధవారం సెమినార్‌కి వెళ్తానన్నాడు.