చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? సెన్సార్ కోడ్ వెనక అసలు తప్పును ఇలా పట్టుకోండి

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలగగానే టెన్షన్ మొదలవుతుంది. కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పి0171 అని వస్తుంది, అంటే ఇంజిన్‌లో ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అని. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సార్ మార్చేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నేనూ ఓసారి అలాగే కొత్తది వేయించాను. వారం తిరక్కుండానే లైటు మళ్లీ వెలిగింది. తీరా చూస్తే ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) దగ్గర చిన్న రబ్బరు గొట్టం పగిలి ఉంది. గాలి ఎక్కువైందని పాత సెన్సార్ పాపం నిజమే చెప్పింది, శిక్ష దానికి పడింది.

1. ముందు లైటును గమనించండి. నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే మెల్లగా ఇంటికి చేరుకోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం అది మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగా మండట్లేదన్నమాట. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. వీలైనంత త్వరగా పక్కకు తీసి ఆపేయండి.

2. స్టీరింగ్ కింద, డాష్‌బోర్డు అడుగున కారు కంప్యూటర్‌తో స్కానర్‌ను కలిపే 16 పిన్నుల ఓబీడీ పోర్టు ఉంటుంది. స్కానర్‌ను గానీ బ్లూటూత్ అడాప్టర్‌ను గానీ అందులో పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. వచ్చిన కోడ్‌లన్నీ రాసుకోండి. కోడ్ పడిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటాయి, అవీ రాసుకోండి. తొందరపడి కోడ్ చెరిపేస్తే ఈ ఆధారం కూడా పోతుంది.

3. కోడ్‌ను విడదీసి చదవండి. 'పి' అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు సమస్య. తర్వాత 0 ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. మూడో స్థానంలో 1 ఉంటే గాలి, ఇంధనం. 3 ఉంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్. పి0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అన్నమాట.

4. ఇప్పుడు లైవ్ డేటా, అంటే సెన్సార్లు ఆ క్షణంలో పంపుతున్న రీడింగులు. చాలామంది వదిలేసేది ఇదే, సగం జవాబులు దొరికేదీ ఇక్కడే. పి0171 వస్తే ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. అది సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే సాధారణంగా కంగారు లేదు. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి. ఇంజిన్ ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ వైపు చూడండి.

ఉష్ణోగ్రత సెన్సార్లకు ఇంకా తేలిక పరీక్ష ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో, స్టార్ట్ చేయకముందు కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు దాదాపు ఒకేలా ఉండాలి. వాటిలో ఒకటి మైనస్ 40 చూపిస్తే ఆ సర్క్యూట్ ఎక్కడో తెగిందని అర్థం. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్ కోడ్ పి0118 వివరణలో 'హై' అని ఉంటుంది. అది వేడి సంగతి కాదు, వోల్టేజీ సంగతి. నేను మొదట్లో తికమకపడింది ఇక్కడే.

5. సెన్సార్ కొనేముందు కనెక్టర్ ఊడదీసి చూడండి. పచ్చగా తుప్పు, వంగిన పిన్ను, ఎలుక కొరికిన వైరు, ఇవే ఎక్కువసార్లు కనిపిస్తాయి. మైనస్ 40 చూపిస్తున్నది రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సార్ అయితే, వైరింగ్ వైపు కనెక్టర్‌లోని రెండు పిన్నులను చిన్న వైరుముక్కతో కలపండి. రీడింగ్ ఒక్కసారిగా బాగా పైకి పోతే వైరింగ్ బాగానే ఉంది, సెన్సారే పోయింది. కదలకపోతే వైరు వెతుక్కోవాలి. మూడు, నాలుగు వైర్ల సెన్సార్ల మీద ఈ ప్రయోగం చేయొద్దు.

6. రిపేరయ్యాకే కోడ్ చెరపండి. చెరిపితే కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు కూడా మొదటికొస్తాయి, కాబట్టి వెంటనే పొల్యూషన్ తనిఖీకి వెళ్లకండి. కొన్ని రోజులు మామూలుగా తిప్పి, పెండింగ్ కోడ్‌లు (ఇంకా లైటు వెలిగించని, అనుమానంగా నమోదైన కోడ్‌లు) చూడండి. పాత నంబరే అక్కడ కనిపిస్తే మళ్లీ లైవ్ డేటా దగ్గరికి వెళ్లాల్సిందే.